బానెట్‌కి ఊతం ఉంది, పగ్గం లేదు

పోయిన ఆదివారం పొద్దున్నే మా బావ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. తను ఉండేది టెక్సస్‌లో. ఆ రాష్ట్రం ఉత్తర కొసన అమరిల్లో అని ఒక ఊరుంది. చుట్టూ చదును నేల, గాలికి అడ్డం చెప్పే కొండా లేదు, చెట్టూ లేదు. ఏదో పని మీద అటు వెళ్ళి, పెట్రోలు బంకులో ఆగి, ఆయిలు చూద్దామని తన ఆఫ్‌రోడ్ బండి బానెట్ ఎత్తాడట. ఫొటోలో ఆ బానెట్ పూర్తిగా వెనక్కి పోయి ముందు అద్దం మీద పడుకుని ఉంది. అద్దం పై మూల నుంచి కింద దాకా ఒక గీత. ఫొటో కింద ఒకే వాక్యం: "మీ అక్క ఇంకా నవ్వుతూనే ఉంది."

అంతకుముందు రాత్రే "హుడ్ పోయిందిరా" అని మెసేజ్ పెట్టాడు. అమెరికా వాళ్ళకి హుడ్ అంటే బానెట్. మా వైపు జీపు హుడ్డంటే పైన కప్పే గుడ్డ. టాపు చిరిగిందేమో, కుట్టిస్తే పోతుంది కదా అనుకుని నిద్రపోయాను. ఫొటో చూశాక అర్థమైంది.

"బండి ముక్కు గాలికి ఎదురుగా ఉందా బావా?" అని అడిగాను.

"నీకెట్లా తెలుసురా?" అన్నాడు.

ఎట్లా తెలుసంటే, రెండేళ్ళ కిందట ఇదే విషయం నేను 7,400 రూపాయలు ఇచ్చుకుని తెలుసుకున్నాను.

పరామర్శ అయ్యాక వాదన మొదలైంది. బావ అప్పటికే డిక్కీలకి ఉండేలాంటి గ్యాస్ రాడ్లు రెండు ఆర్డరు పెట్టేశాడు. ఇక ఈ సమస్య ఉండదన్నాడు. నేను ఉంటుందన్నాను. కింద ఎంత ఖరీదైన ఊతం పెట్టినా గాలి విషయంలో అది సగం పనే, బానెట్‌ని ముందుకి లాగి పట్టే పగ్గం ఒకటి కావాలి, అది 150 రూపాయల్లో అయిపోతుంది అన్నాను. "150 రూపాయల సలహాలు నాకొద్దు" అని ఫోను అక్కకి ఇచ్చేశాడు. కాబట్టి మిగతా వాదన ఇక్కడ.

బెళుగుప్ప దాటాక

ఆషాఢంలో అనంతపురం గాలి ఎలా ఉంటుందో ఆ జిల్లావాళ్ళకి చెప్పక్కర్లేదు. నైరుతి మేఘాలు వానంతా పడమటి కనుమల అవతలే కుమ్మరించేసి, మాకు ఉత్త గాలి పంపిస్తాయి. రామగిరి కొండల మీద 1990ల్లోనే గాలిమరలు పెట్టారంటే ఊరికే పెట్టలేదు. ఇప్పుడు ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు ఎటు పోయినా అవే.

ఆ రోజు ఉరవకొండ నుంచి కళ్యాణదుర్గం పోతున్నాను. మా మామగారి పాత డీజిల్ జీపు. ఆయన పొలానికి తిప్పారు, నేను సరదాకి తిప్పుతున్నాను. ఎదురుగాలికి బండి ముక్కుతూ మూలుగుతూ పోతోంది. బెళుగుప్ప దాటిన కాసేపటికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చింది. పక్కకి తీసి ఆపాను. రెండు పక్కలా గొళ్ళేలు విప్పి, బానెట్ ఎత్తి, రాడ్డుని దాని చిల్లులో దూర్చాను. ఆ రాడ్డు బండితో వచ్చింది కాదు. ఎప్పుడో ఏదో షెడ్డులో ఇనుప ఊచ వంచి పెట్టించింది.

వెనక నుంచి నీళ్ళ క్యాను తెద్దామని నాలుగడుగులు వేశానో లేదో, ఢామ్మని చప్పుడు. రోడ్డు మీద ఏదో లారీ టైరు పేలిందనుకున్నాను. తిరిగి చూస్తే బానెట్ లేదు. ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. అద్దం ఫ్రేము మీద వెల్లకిలా పడి ఉంది. కుడి మూల అద్దం సాలెగూడులా చిట్లింది. మడతబందు దగ్గర రేకు, చపాతీ అంచు మడిచినట్టు మడత పడింది. రాడ్డు మాత్రం ఏమీ ఎరగనట్టు పక్కకి వాలి ఊగుతోంది. దాని ఒంటి మీద గీత కూడా లేదు.

గడ్డిమోపుతో మోపెడ్ మీద పోతున్న ఒక పెద్దాయన ఆగాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "రేకు ఎత్తేముందు గాలి యాడనుంచి వస్తాండాదో చూసుకోవల్ల గదప్పా" అన్నాడు. తాడు కావాలా అని అడిగి, గడ్డిమోపుకి కట్టిన తాట్లో కొంత కోసిచ్చి పోయాడు. బానెట్‌ని కిందికి వంచి ఆ తాడుతో బంపరుకి కట్టుకుని, అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని నలభైకి మించని స్పీడులో, చిట్లిన అద్దంలోంచి రోడ్డుని వెతుక్కుంటూ అనంతపురం చేరాను.

ఆయన బానెట్ అనలేదు, రేకు అన్నాడు. దారిపొడుగునా ఆ మాటే నా బుర్రలో తిరిగింది.

రేకుని ఎవరైనా కింద నుంచి పట్టుకుంటారా?

మా వైపు రేకుల షెడ్డు వేసినవాడు కింద గుంజలు పాతి చేతులు దులుపుకోడు. పైన రాళ్ళు పెడతాడు. డబ్బులున్నవాడు జె బోల్టులు బిగిస్తాడు, లేనివాడు బండరాళ్ళు, పాత టైర్లు, ఇసుక మూటలు ఏది దొరికితే అది ఎక్కిస్తాడు. రేకు కింద పడుతుందన్న భయం కంటే పైకి లేస్తుందన్న భయం ఎక్కువ. గడ్డివామికీ అంతే, పైనుంచి తాడేసి రెండు వైపులా రాళ్ళు వేలాడదీస్తారు. కళ్ళంలో తూర్పారబట్టే ఆడవాళ్ళు చేట ఎత్తేముందు పిడికెడు పొట్టు వదిలి అది ఎటు పోతుందో చూసి గాని నిలబడరు. ఇవన్నీ చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణే. అయినా మీటరు పొడుగు రేకుని గాలికి ఎదురుగా ఎత్తి, కింద ఒక ఊచ ఆనించి, ఇక నిలబడుతుందిలే అని వెనక్కి తిరిగిపోయాను.

బానెట్ రాడ్డు ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది: ఇది కింద పడకుండా ఎలా? పైకి లేస్తే ఏం చెయ్యాలో దానికి తెలీదు. బానెట్ రెండంగుళాలు పైకి లేచిందంటే చాలు, రాడ్డు కొస చిల్లులోంచి బయటికి వచ్చేస్తుంది. ఆ తర్వాత దారిలో అడ్డం ఏమీ లేదు, అద్దం తప్ప.

దీని వెనక లెక్క కూడా పెద్ద కష్టమైంది కాదు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. గంటకి 20 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు రేకుని ఇంచుమించు 2 కిలోల బరువుతో తోస్తుంది. 40కి అది ఏడున్నర కిలోలు. 60కి 17. 80కి 30. జీపు బానెట్ వైశాల్యం చదరపు మీటరుకి అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఈ అంకెల్ని దాదాపు ఇలాగే వాడుకోవచ్చు.

"అంత బరువైన బానెట్ గాలికి లేస్తుందా?" అని చాలామంది అడిగారు. ఇక్కడే మోసపోతాం. మూసి ఉన్నప్పుడు బానెట్ బరువంతా దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. 60 డిగ్రీలు ఎత్తేసరికి ఆ పట్టు సగానికి పడిపోతుంది. నిలువుగా నిలబెడితే సున్నా. నిలువు దాటిందా, అదే బరువు గాలి పక్షం చేరి అద్దం వైపు లాగుతుంది. పైగా ఎంత ఎత్తితే అంత రేకు గాలికి ఎదురు నిలుస్తుంది. అంటే మనకి లోపల బాగా కనపడాలని బానెట్‌ని ఎంత పైకి లేపితే, బరువు అంత తక్కువ సాయం చేస్తుంది, గాలి అంత ఎక్కువ దొరకబుచ్చుకుంటుంది. గాలికాలంలో సగమే ఎత్తి పని చేసుకోవడం పిరికితనం ఏమీ కాదు. మా మెకానిక్ భాయ్ ఇప్పుడు నా రాడ్డుకి రెండో చిల్లు వేశాడు, కాస్త కిందుగా. ఆయిలు పుల్ల తీసి చూడ్డానికి ఆ ఎత్తు చాలు. నడుము మాత్రం కాస్త ఎక్కువ వంచాలి.

గాలికి వీపు పెట్టాలా?

మొదట్లో నా సిద్ధాంతం తేలిగ్గా ఉండేది. బండి వెనకభాగం గాలి వైపు పెట్టి ఆపితే చాలు. అప్పుడు అద్దమే బానెట్‌కి అడ్డుగోడ. గాలి తోసినా కిందికే తోస్తుంది, కిందికి తోసినప్పుడు రాడ్డు తన పని తాను చేస్తుంది.

గాలి ఎటుందో చూసుకోవడం మా జిల్లాలో అన్నిటికన్నా సులువు. ఏ గాలిమర వైపైనా తల తిప్పండి. అది ఎప్పుడూ గాలికి ఎదురుగా ముఖం తిప్పుకుని ఉంటుంది. రెక్కలు ఏ వైపున్నాయో గాలి ఆ వైపు నుంచి వస్తోందన్నమాట. గాలిమర ఎటు చూస్తోందో జీపు దానికి సరిగ్గా పెడమొహం పెట్టాలి. ఇంకో తమాషా ఏంటంటే, అంత పెద్ద యంత్రం కూడా గాలి గంటకి 90 కిలోమీటర్ల దరిదాపుల్లోకి వస్తే రెక్కలు వాటం మార్చుకుని ఆగిపోతుంది. వందల టన్నుల ఇనుమూ కాంక్రీటూ భయపడే గాలిలో మనం చేతి వేలంత మందం ఊచ పెట్టుకుని రేకు ఎత్తుతాం.

ఈ సిద్ధాంతాన్ని మెకానిక్ భాయ్ దగ్గర చెప్పాను. టింకరింగ్ పని అయ్యేదాకా షెడ్డులో కూర్చుని ఉన్నాను కాబట్టి ఆయనకి వినక తప్పలేదు. "ఆషాఢం వచ్చిందంటే నాకు బానెట్లు వస్తాయన్నా" అని నవ్వి, ఎడమ చెయ్యి చాపి చూపించాడు. రెండు వేళ్ళ గోళ్ళు వంకరగా పెరిగాయి. వెనక నుంచి ఒక విసురు వచ్చి రాడ్డు జారి, బానెట్ చేతి మీద పడిందట. "ముందు గాలికి అద్దం పోతుంది. వెనక గాలికి వేళ్ళు పోతాయి. అద్దం కొనుక్కోవచ్చు."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. వేళ్ళ ముందు అద్దం ఎంత?

భాయ్ ఇంకొక ముడి కూడా వేశాడు. "మీ బండి వేడెక్కిందనే కదా ఆపారు? వేడెక్కిన బండిని ఎవరైనా గాలికి వీపు పెట్టి ఆపుతారా? రేడియేటర్‌కి గాలి ఎట్లా తగుల్తుంది?" ఇదీ నిజమే. ఇంజిను చల్లారాలంటే ముక్కు గాలికి ఎదురుగా ఉండాలి, బానెట్ బతకాలంటే ముక్కు అటు ఉండకూడదు. కొన్నాళ్ళు దీని గురించే ఆలోచించాను, ఇంట్లో వాళ్ళు విసుక్కునేంత. చివరికి నాకు తోచింది ఇది: వేడెక్కిన వెంటనే బానెట్ ఎత్తాల్సిన పనే లేదు. ముక్కు గాలికి పెట్టి, బానెట్ మూసే ఉంచి, ముల్లు దిగేదాకా కూర్చోవాలి. ఎలాగూ అప్పుడే రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు మొహాన కొడతాయి. ముల్లు దిగాక బండి తిప్పుకుని, అప్పుడు ఎత్తాలి. మొదట్లో మనం బానెట్ ఎత్తేది చాలాసార్లు అవసరం కొద్దీ కూడా కాదు, ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి కోసం. రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడితే నలుగురికీ విషయం అర్థమవుతుంది, సిగ్గు కాస్త తగ్గుతుంది అనే సర్దుబాటు కూడా అందులో ఉంది.

కానీ బండి అసలు స్టార్టే కాకపోతే? ఇరుకు రోడ్డు, పక్కన గుంత, తిప్పుకునే జాగా లేకపోతే? 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆగిపోయి ఉంటే గాలిమరని చూసి లాభం లేదు. అక్కడ గాలి లారీలది. ఒక్కో కంటైనర్ పక్కనుంచి పోతుంటే ముందు ఒక తోపు, వెంటనే ఒక లాగుడు. నిమిషానికి నాలుగుసార్లు గాలి దిక్కు మారుతుంది. అలాంటి చోట "గాలికి వీపు పెట్టండి" అనే సలహా పనికిరాదు.

అప్పుడే నా సిద్ధాంతం మార్చుకున్నాను. దిక్కు చూసుకోవడం మంచి అలవాటే, ఇప్పటికీ చూస్తాను. కానీ దిక్కు ఎటున్నా పనిచేసేది ఒకటి కావాలి.

షామియానా గుంజ

పెళ్ళిళ్ళ దగ్గర షామియానా వేసేవాళ్ళని గమనించండి. గుంజ నిలబెడతారు, కానీ గుంజని నమ్మరు. గుడ్డ అంచుల నుంచి తాళ్ళు లాగి మేకులకి బిగిస్తారు. తాళ్ళు గుడ్డని కిందికి లాగుతాయి, ఆ లాగుడుకి గుంజ నేలలోకి అదిమి కదలకుండా నిలుస్తుంది. తాడు వదులైతే ముందు ఊగేది గుడ్డ, తర్వాత పడేది గుంజ. నిలబెట్టేది గుంజ ఒక్కటే అయితే ఇన్ని తాళ్ళెందుకు?

బానెట్ రాడ్డుకీ అంతే. బానెట్ ముందు అంచు నుంచి రేడియేటర్ ముందున్న అడ్డపట్టీకి ఒక బెల్టు బిగువుగా లాగి కడితే, బానెట్ పైకి లేవలేదు. అదే బిగువుకి రాడ్డు చిల్లులో అదిమి కూర్చుంటుంది కాబట్టి జారి కిందికీ రాదు. ముందు గాలికి అద్దం, వెనక గాలికి వేళ్ళు, రెండూ దక్కుతాయి. భాయ్ వేసిన ముడి విడిపోయింది ఇక్కడే. నేను ముందు కాస్త వదులు ఉంచుదామనుకున్నాను, బానెట్ మీద అనవసరంగా లాగుడెందుకని. ఆ వదులే తప్పు. వదులు ఉన్నంత మేరా గాలి బానెట్‌ని ఎగరేసి, బెల్టుని కొరడాలా ఝాడిస్తుంది, ఆ ఎగిరిన కాస్తలోనే రాడ్డు చిల్లు దాటి వచ్చేస్తుంది.

లారీల సామాను కట్టే నైలాన్ బెల్టులో మీటరు ముక్క, బకిల్‌తో సహా, పాత సామాన్ల కొట్లో 150కి ఇచ్చాడు. ఒక కొస బానెట్ లోపలి పక్క, మధ్యలో ఉండే గట్టి పట్టీకి బోల్టు వేసి శాశ్వతంగా బిగించేశాం. ఉత్త రేకుకి బిగిస్తే గాలి లాగినప్పుడు బోల్టు రేకుని చించుకుని వస్తుంది. రెండో కొసకి కొక్కెం. ఒక కొస శాశ్వతంగా ఉండటంలోనే అసలు కిటుకుంది. సీటు కింద పెట్టుకున్న బెల్టు ఎవడికీ గుర్తుండదు. బానెట్ ఎత్తగానే ముక్కు ముందు వేలాడే బెల్టు మర్చిపోదామన్నా మర్చిపోలేం. మూసేటప్పుడు మాత్రం దాన్ని చుట్టి క్లిప్పులో పెట్టాలి. పాత జీపుల్లో ఫ్యాను ఇంజినుకే తగిలించి ఉంటుంది, ఇంజిను తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. వేలాడే బెల్టు కొస అందులో పడితే బానెట్ గాలికి పోయిందే నయమనిపిస్తుంది.

మొదట నేను కట్టింది సైకిలు ట్యూబు ముక్క. మనకి దేనికైనా ముందు గుర్తొచ్చేది అదే. వారం తిరక్కుండానే అది ఎందుకు పనికిరాదో తెలిసింది. సాగేది ఏదైనా బానెట్‌ని ముందు పోనిస్తుంది, తర్వాత రెట్టింపు కోపంతో వెనక్కి లాగుతుంది. మధ్యలో మన తల ఉంటుంది.

బావ గ్యాస్ రాడ్లు

ఇప్పుడు బావ సంగతి. గ్యాస్ రాడ్లని నేను తీసిపారేయను. వాటి రెండు కొసలూ గోళీ కీలుకి తగిలించి ఉంటాయి, చిల్లులోంచి జారే ఊచ కన్నా వెయ్యి రెట్లు నయం. అవి పూర్తిగా సాగాక ఇంకా సాగవు, కాబట్టి బానెట్ అద్దం దాకా పోకుండా ఒక హద్దు కూడా ఉంటుంది. ఒక చేత్తో ఎత్తేయొచ్చు. చూడ్డానికీ బాగుంటాయి, బావకి అది ముఖ్యం.

నా అనుమానం ఒక్కటే. గ్యాస్ రాడ్డు బానెట్‌ని ఎటు తోస్తుంది? పైకి. గాలి ఎటు తోస్తోంది? పైకి. రాడ్డు, గాలి కలిసి ఒకే వైపు తోస్తుంటే, వాటిని ఆపాల్సింది రాడ్డు కొసనున్న ఆ చిన్న గోళీ, దాన్ని పట్టుకున్న బ్రాకెట్టు, ఆ బ్రాకెట్టుని పట్టుకున్న రేకు. ఎండకి లోపలి గ్యాసు ఒత్తిడి పెరుగుతుంది, టెక్సస్ అయినా అనంతపురం అయినా. ఏళ్ళు గడిచేకొద్దీ గ్యాసు కారి రాడ్డు నీరసపడుతుంది, అప్పుడు వెనక గాలి ఒక్కటి తగిలితే బానెట్ నెత్తి మీదికి దిగుతుంది. బ్రాకెట్టు గట్టి చోట బిగించి ఉంటే చాలా గాలిని ఓర్చుకుంటుంది, ఒప్పుకుంటాను. కానీ తర్వాత కొని తగిలించే కిట్లు ఎక్కువగా, ఉన్న బోల్టుల దగ్గరే ఎక్కడో ఒకచోట సర్దుకుంటాయి, కొత్తగా చిల్లులు వేయక్కర్లేదు అనేదే వాటి అమ్మకపు మాట. ఆ సర్దుబాటు పూర్తి గాలి తోపుని మోయగలదా అని బావని అడిగితే, "రివ్యూలు బాగున్నాయి" అన్నాడు.

ఇంకో సంగతి. కొత్త బళ్ళలో బానెట్లు తేలికవుతున్నాయి. జీప్ కంపెనీ రాంగ్లర్‌కి 2018 మోడల్ నుంచీ బానెట్ అల్యూమినియమే. తేలిక బానెట్ మనకి ఎత్తడానికి తేలిక, గాలికీ తేలికే. పాత జీపు బానెట్ బరువుతో పెరిగిన అలవాట్లు కొత్తదాని మీద పనిచేస్తాయని అనుకోకూడదు.

పాతకాలం వాళ్ళకి ఇది తెలీదా?

తెలుసనే నా నమ్మకం. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపులో బానెట్‌ని సగంలో ఆపే ఊతం మీద ఆధారపడలేదు. బానెట్‌ని పూర్తిగా వెనక్కి పోనిచ్చి అద్దం ఫ్రేముకి ఆనించేవాళ్ళు. బానెట్ మీద రెండు చెక్కదిమ్మలు ఉండేవి. అద్దాన్ని ముందుకి మడిచినప్పుడు అది వాటి మీద ఆనుతుంది. బానెట్ వెనక్కి వాలినప్పుడు అవే ఫ్రేముకి తగిలి దెబ్బ కాచుకుంటాయి. గాలి ముందు నుంచి కొడితే కొట్టనీ, బానెట్ పోవాల్సినంత దూరం ముందే పోయి కూర్చుంది. ఇంక అది విసురుకోవడానికి జాగా లేదు.

మా జీపుకి కూడా ఒకప్పుడు ఆ ఏర్పాటే ఉండి ఉండాలి. మామగారి కన్నా ముందు ఎవరి చేతిలోనో ఆ దిమ్మలు పోయాయి, రాడ్డు వచ్చింది, అద్దం ఫ్రేము మీద అదనపు లైట్లు వచ్చాయి. లైట్లు వచ్చాక బానెట్ పూర్తిగా వాలదు, కాబట్టి సగంలో ఆపాలి, కాబట్టి రాడ్డు. ఒక్కొక్క మార్పూ చేసినప్పుడు సబబుగానే కనపడి ఉంటుంది. అన్నీ కలిసి బెళుగుప్ప దగ్గర నన్ను పట్టుకున్నాయి. ఇప్పుడు జీపులకీ థార్‌లకీ అద్దం పైన ఎల్‌ఈడీ బార్లు బిగించేవాళ్ళు అవి బానెట్ దారిలో ఉన్నాయో లేవో ఒకసారి ఎత్తి చూసుకుంటే మంచిది. బానెట్ లేచిన రోజు ముందు తగిలేది ఆ బారుకే.

అయితే లైట్లు తీసేసి, పాత పద్ధతిలోనే పూర్తిగా వాల్చి కట్టేయొచ్చు కదా? అదీ చేసి చూశాను. ఎదురుగాలికి దాన్ని మించింది లేదు. కానీ అలా వాలిన బానెట్‌ని వెనక గాలి లేపితే, నిలువు దాటి ముందుకి విసిరి మూసేస్తుంది, ఎంత దూరం నుంచి వస్తుందో అంత గట్టిగా. కాబట్టి అక్కడా తాడు కావాల్సిందే, ఈసారి అద్దం ఫ్రేముకి. చివరికి ఏ దారిన పోయినా తాడు దగ్గరికే వచ్చాను.

ఒక పాత జీపుల పిచ్చి ఉన్న మిత్రుడు మాత్రం ఇదంతా అతి అంటాడు. పాతికేళ్ళలో వేలసార్లు బానెట్ ఎత్తాను, ఒక్కసారీ పోలేదు, నువ్వు టెన్షన్ పడి మమ్మల్ని పెడుతున్నావు అంటాడు. తను ఉండేది హైదరాబాద్‌లో, బానెట్ ఎత్తేది అపార్టుమెంటు సెల్లార్‌లో. ఆ మాట అంటే కోపం వచ్చింది. కానీ తను అన్నదాంట్లో ఒక ముక్క నన్నూ పీకుతోంది. బెళుగుప్ప ముందు నేనూ వేలసార్లు ఎత్తినవాణ్ణే, ఏమీ కాలేదు. ఈ బెల్టు వల్ల ఇప్పటిదాకా నా అద్దం ఎన్నిసార్లు దక్కిందో చూపించమంటే చూపించలేను. రేకు మీద రాయి పెట్టినవాడూ చూపించలేడు.

మొన్న బానెట్ సర్దించడానికి షెడ్డుకి పోతే, భాయ్ గోడకి మేకు కొట్టి నాలుగు నైలాన్ బెల్టులు తగిలించి ఉన్నాయి. అడిగితే, "మీలాంటోళ్ళు వస్తుంటారు కదన్నా" అన్నాడు. బిగింపు కూలీతో కలిపి 400 తీసుకుంటున్నాడట. నేను 150కే చేయించుకున్నానని బయట చెప్పొద్దన్నాడు. చెప్పేశాను, భాయ్ బ్లాగులు చదవడు.

బావ గ్యాస్ రాడ్లు వచ్చాయి, బిగించుకున్నాడు. వాటితో పాటు ఒక బెల్టు కూడా కట్టమని అక్కతో చెప్పించాను, చూద్దాం అన్నాడట. నా బెల్టుకి మిగిలిన చిక్కు ఒక్కటే. కొక్కెం తగిలించిన చోట పెయింటు లేచిపోయి తుప్పు మొదలైంది. పాత సైకిలు ట్యూబు ముక్కని దానికి చుట్టాను. మా ఎండకి అది ఎన్నాళ్ళు ఆగుతుందో.